పత్తికొండ బస్సు ఎవరెక్కాలి?

జ్ఞానేశ్వర్ వంటింటి తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. సొంత ఇల్లు, సొంత తలుపు, లోపల ఉన్నది తాళి కట్టిన భార్య. అయినా దొంగలా నిలబడాల్సి వచ్చింది చూడండి, అదీ ఆయన ఖర్మ. చేతిలో ఒక ఖాళీ చెంబు కూడా పట్టుకున్నాడు. పట్టుబడితే నీళ్లకొచ్చానని చెప్పొచ్చు కదా! ఆ మాత్రం ముందుచూపు ఉన్న మనిషే.

లోపల హిమబిందు వంకాయలు తరుగుతూ గోడకు పాఠం చెబుతోంది.

"ఎద్దుల సంతలో బేరం ఎట్ల చేస్తారు? ఇద్దరి చేతుల మీద టవలు కప్పుతారు. బయట ఉండేవాళ్లకు కనపడేది టవలు ఒక్కటే. ధర లోపల ఉండాది. అది ప్రైవేట్. దాన్ని ఎవరూ నేరుగా చూడకూడదు. వేళ్లు నొక్కి మాత్రమే తెలుసుకోవాల. ఆ వేళ్లు నొక్కడం ఉండాదే, అది పబ్లిక్ ఫంక్షన్..."

జ్ఞానేశ్వర్‌కు ఒళ్లు జలదరించింది. అబ్బ, ఏం ఉదాహరణ! ఇంకేం వినాల్సిన పని లేదు. చెంబు చప్పుడు కాకుండా గుండెకు హత్తుకుని, మునివేళ్ల మీద నడుచుకుంటూ హాల్లోకి వచ్చేశాడు. లోపల పాఠం ఇంకా నడుస్తూనే ఉంది. ఉంటే ఉండనీ. అసలు సరుకు చేతికి చిక్కింది.

అంత అవసరం ఏమొచ్చిందంటారా? వచ్చింది మరి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కర్నూలులో ఒకే డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్లు. రెండో సంవత్సరం పిల్లలకు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అని ఒక పేపరుంది. బ్రహ్మవిద్యేం కాదు. లోకంలో ఎద్దులూ బండ్లూ మనుషులూ ఉన్నట్టే కంప్యూటర్లో కూడా వస్తువులను తయారుచేసి, దేని గుణాలు దానికి, దేని పనులు దానికి అప్పగించడం. లోపల దాచేది ప్రైవేట్, బయటివాళ్లు వాడుకునేది పబ్లిక్. దాన్ని జ్ఞానేశ్వర్ సి ప్లస్ ప్లస్‌లో చెబుతాడు. హిమబిందు జావాలో చెబుతుంది. ఒకే హాస్టల్ గదిలో ఉండే పిల్లలు ఒకరి నోట్సు ఒకరు చూసుకుని తలలు పట్టుకునేవాళ్లు.

ఇంట్లో కూడా ఇదే రామాయణం. పొద్దున్నే రాగిజావ గ్లాసు చేతికిస్తే, "నీ భాష మాదిరే ఉండాది, తాగితే కడుపు నిండదు," అనేవాడు ఆయన. "మీ భాష మాదిరి రాళ్లయితే లేవు కదా, మూసుకొని తాగండి," అనేది ఆమె. పద్దెనిమిదేళ్లుగా ఇట్లాగే గడిచిపోతున్న సంసారం.

ఈ సంసారంలో నిప్పులు పోసింది కరస్పాండెంట్ రామసుబ్బయ్య. ఆయన పత్తికొండ మనిషి. వయసులో ఉన్నప్పుడు సంతలో ఎద్దుల దళారి. తర్వాత టమోటా మండీ పెట్టాడు. ఆ తర్వాత కాలేజీ పెట్టాడు. ఈ ఏడు పత్తికొండలోనే దానికో బ్రాంచి తెరిచాడు. సోమవారం నాడు ఇద్దరినీ గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు.

"ఒక పేపరుకు రెండు భాషలేందప్పా? మార్కెట్లో ఒకే సరుకుకు రెండు తూకాలు పెడితే రైతు ఊరుకుంటాడా? ఏదో ఒకటి తేలాల. శనివారం నా ముందర ఇద్దరూ పాఠం చెప్పండి. నాకూ, మా అల్లా బాషాకూ ఎవురిది తలకెక్కితే వాళ్ల భాష రెండు ఊర్లలోనూ ఉంటాది. వాళ్లు ఈడనే ఉంటారు. రెండోవాళ్లు పత్తికొండ బ్రాంచికి పోయి, ఆ గెలిచిన భాషనే చెప్పాల."

అల్లా బాషా అంటే ఆఫీసు మేనేజరు. మండీ రోజుల నుంచీ రామసుబ్బయ్య వెంటే ఉన్న మనిషి. కంప్యూటరును చూస్తే కరెంటు తీగను చూసినట్టు రెండడుగులు వెనక్కి వేస్తాడు.

పత్తికొండకు పోను రెండు గంటలు, రాను రెండు గంటలు, రోజూ బస్సు. జ్ఞానేశ్వర్ నడుముకు ఆ ప్రయాణం పడదు. అయినా ఆయన భయం నడుము గురించి కాదు. నలభై ఏడేళ్లు వచ్చాయి. ఆయనకు తెలిసింది ఒకే ఒక్క భాష. ఆ ఒక్కటీ పోతే ఆయన ఎవరు? పెళ్లాం చెప్పే భాషను, పెళ్లాం దగ్గర నేర్చుకుని, పిల్లల ముందు నిలబడాలా? నిజం చెప్పాలంటే భయంతో చచ్చిపోతున్నాడు పాపం.

అప్పటి నుంచి ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఆమె ల్యాప్‌టాప్ తెరిస్తే ఆయన వస్తాడు. ఆయన వస్తే ఆమె మూసేస్తుంది. టీవీ రిమోట్ కోసం చెయ్యి చాపినా ఎదుటివాళ్లు ఉలిక్కిపడే పరిస్థితి.

"ఏంది స్వామీ, కొత్తగా వంటింటి చుట్టూ తిరుగుతాండారు?" అంది హిమబిందు, కూర వడ్డిస్తూ.

"నీళ్లకొచ్చినా."

"ఫిల్టరు హాల్లో కదా ఉండేది?"

"వంటింటి నీళ్లు రుచిగా ఉంటాయి."

ఆమె చెంబు వంక చూసి, దాన్ని నీళ్లతో నింపి ఆయన ముందర పెట్టింది.

"సరే గానీ, శనివారానికి ఏం చెప్తాండావు?" అని ఆయనే కదిలించాడు.

"ఏదో ఒకటి. మీరు?"

"నేనా? నాదేముంది, ఏదో ఒకటి."

"ఓడిపోయినోళ్లు పత్తికొండకు కదా. నేను పోతే మీకు వంటెట్లా?"

"నా సంగతి వదిలెయ్. నీకు ఆ ఊరు కొత్తేం కాదు. మీ నాయన ఆ సంతకు ఎద్దుల్ని తోలుకొని పోయినోడే కదా. బస్సులో హాయిగా కునుకు తీయొచ్చు," అన్నాడు జ్ఞానేశ్వర్, మజ్జిగ కలుపుకుంటూ.

హిమబిందు చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకో గరిటెడు కూర ఆయన కంచంలో వేసి, లోపలికి వెళ్లిపోయింది.

ఇక ఆ వారమంతా జ్ఞానేశ్వర్ యుద్ధానికి సిద్ధమయ్యాడు. ఒక పక్క ఎద్దుల సంత పాఠాన్ని అద్దం ముందు బట్టీ పట్టాడు. ఇంకో పక్క జావాలో ఉన్న లోపాలన్నీ ఏరి పెట్టుకున్నాడు. రెండు మాటలు తెర మీద కనపడాలంటే అంత పొడవు ఎందుకు రాయాలి? ఇద్దరు తల్లిదండ్రుల నుంచి ఒకేసారి గుణాలు తీసుకునే వీలు ఎందుకు లేదు? లోపాలు దొరికేకొద్దీ ఆయన ముఖంలో కళ పెరిగింది. చీట్లు వేసి ముందు చెప్పేదెవరో తేల్చుకుందామని ఆమె అంటే, "లేడీస్ తర్వాతే బాగుంటాది, టెన్షన్ ఉండదు," అని పెద్దమనిషిలా చెప్పి మొదటి వంతు తానే కొట్టేశాడు. ముందు చెప్పినవాడిదే కదా ఉదాహరణ!

శనివారం వచ్చింది. సెమినార్ హాల్లో ముందు వరుసలో రామసుబ్బయ్య, పక్కన అల్లా బాషా, వెనక రెండో సంవత్సరం పిల్లలంతా. చివరి కుర్చీలో హిమబిందు. జ్ఞానేశ్వర్ భుజం మీద కొత్త టవలు వేసుకుని వేదిక ఎక్కాడు. గొంతు ఖంగుమంది.

"సార్, సి ప్లస్ ప్లస్ అంటే మన పత్తికొండ ఎద్దుల సంత!"

రామసుబ్బయ్య కుర్చీలో ముందుకు జరిగాడు.

జ్ఞానేశ్వర్ వేదిక దిగి వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని, పైన టవలు కప్పాడు. ధర ప్రైవేట్ అన్నాడు. వేళ్లు పబ్లిక్ అన్నాడు. చుట్టూ ఉండేవాళ్లకు ఏమీ తెలియకుండా పని జరగడమే ఈ విద్య గొప్పతనం అన్నాడు. బోర్డు నిండా ప్రోగ్రాం రాశాడు. కంప్యూటర్లో నడిపి చూపించే సాహసం మాత్రం చేయలేదు. నడిస్తే ఫరవాలేదు, నడవకపోతే పత్తికొండే.

హిమబిందు వైపు ఓరగా చూశాడు. ఆమె ముఖంలో ఏమీ కనపడలేదు. పాపం, షాక్ అయ్యుంటుంది అనుకున్నాడు. ఆ ఊపులో పాఠంలో లేని మాట ఇంకొకటి కలిపాడు.

"టవలు కింద ఒకసారి చెయ్యి కలిపినాక, బయటికొచ్చి కాదనే మనిషి మన సీమలోనే లేడు సార్!"

"శభాష్! లేడప్పా, లేడు!" అన్నాడు రామసుబ్బయ్య, కళ్లు తుడుచుకుంటూ. ఆయనకు తన వయసంతా గుర్తొచ్చినట్టుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. జ్ఞానేశ్వర్‌కు అప్పుడే కర్నూలు మొత్తం తన పేరు మీద రిజిస్టరు అయినట్టు అనిపించింది.

"బాషా, నీకు అర్థమయ్యెనా?" అన్నాడు రామసుబ్బయ్య.

"సంత అర్థమయ్యె సార్. ఆ బోర్డు మీదిది అర్థం కాల్యా," అన్నాడు అల్లా బాషా.

తర్వాత హిమబిందు లేచింది. చేతిలో కాగితం లేదు, టవలు లేదు. జ్ఞానేశ్వర్ జావా మీద దాచుకున్న బాణాలన్నీ ఎక్కుపెట్టి కూర్చున్నాడు.

"సార్, నేను ఇన్నేండ్లు జావా చెప్పినాను. మంచి భాషే. కానీ మొట్టమొదట నేర్చుకునేవాళ్లకు అది కూడా బరువే. అందుకని నేను ఈ రోజు జావా చెప్పను. పైథాన్ చెప్తాను."

జ్ఞానేశ్వర్ నోరు తెరిచాడు. అది చాలాసేపు మూతపడలేదు. వారమంతా నూరిన బాణాలు ఒక్కటీ పనికిరాకుండా పోయాయి. పైథాన్ గురించి ఆయనకు తెలిసింది ఒకటే, అది కొండచిలువ పేరని.

"పామునా? పిల్లోళ్లకు పామును నేర్పిస్తావామ్మా?" అన్నాడు రామసుబ్బయ్య.

"కరవదు సార్. బాషా సార్, మీరొకసారి ఇట్ల రండి."

అల్లా బాషా బిత్తరపోయి చుట్టూ చూశాడు. పిల్లలు కేకలు వేస్తుంటే తప్పక వెళ్లి కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడి చెప్పినకొద్దీ, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. మనిషి అని ఒక క్లాసు, అంటే ఒక అచ్చు. ఆ మనిషికి పేరు అని ఒక గుణం. పలకరించు అని ఒక పని. నాలుగైదు లైన్లు, అంతే. ఎంటర్ కొట్టగానే తెర మీద పెద్ద అక్షరాలతో వచ్చింది: సలాం, నా పేరు అల్లా బాషా.

హాలంతా గొల్లుమంది. అల్లా బాషా మాత్రం నవ్వలేదు. తెర వంకే చూస్తూ, "ఇది నేనే చేసినానా మేడం?" అన్నాడు మెల్లగా.

"మీరే చేసినారు సార్."

జ్ఞానేశ్వర్ చివరి ప్రయత్నంగా లేచాడు. "మేడంగారికి ఒక ప్రశ్న. ఇప్పుడు మీరు రాయించిన దాంట్లో ప్రైవేట్ అనే మాటే కనపడలేదే? దాచిపెట్టుకునే దిక్కే లేని భాష ఏం భాష?"

"నిజమే సార్. ఇందులో గోడలు కట్టరు. పేరు ముందర ఒక చిన్న గీత గీస్తారు. ఇది నా సొంతం, ముట్టుకోవద్దు అని దానర్థం. మర్యాద తెలిసినవాళ్లు ముట్టుకోరు. తలుపు వెనక నిలబడి వినరు."

"ఒకవేళ... ఎవరైనా దొంగతనంగా వింటే?"

"విన్నారు సార్. నేను అనుకున్నదే విన్నారు. నేను వంటింట్లో అంత గట్టిగా ఎవరికి చెప్తాండాననుకున్నారు, వంకాయలకా?"

పిల్లలకు ఏమీ అర్థం కాలేదు. జ్ఞానేశ్వర్‌కు మొత్తం అర్థమైంది. కూర్చున్నాడు. చెవులు కాలిపోతున్నాయి.

రామసుబ్బయ్య, అల్లా బాషా కాసేపు గుసగుసలాడుకున్నారు. ఆ కాసేపూ జ్ఞానేశ్వర్ గోళ్లు కొరుకుతూనే ఉన్నాడు. చివరికి రామసుబ్బయ్య లేచి, జ్ఞానేశ్వర్ భుజం మీది టవలు తీసుకున్నాడు.

"సారూ, నువ్వు మా సంతను ఈడికి తెచ్చినావు. నా మనసు శానా నిండింది. అందుకే నీతో మాట నలుగురిలో చెప్పను. సంత మర్యాద ప్రకారమే మాట్లాడుకుందాం. చెయ్యి ఇట్ల తే."

టవలు కింద జ్ఞానేశ్వర్ చేతి వేళ్లు మూడింటిని గట్టిగా నొక్కి పట్టుకుని, రామసుబ్బయ్య ఆయన కళ్లలోకి చూశాడు.

మూడు. మూడంటే ఏమిటి? జ్ఞానేశ్వర్ బుర్ర గిర్రున తిరిగింది. అడుగుదామంటే నోరు రావడం లేదు. ఇంతసేపూ ఈ విద్యలో పండితుడిలా ఉపన్యాసం ఇచ్చినవాడు ఇప్పుడు ఇంతమంది ముందు, "మూడంటే ఏంది సార్?" అని ఎట్లా అడుగుతాడు? రెండో సంవత్సరంలో మూడు సెక్షన్లున్నాయి. మూడూ నీకే అంటున్నాడేమో! అంతే అయ్యుంటుంది. మనసు నిండింది అన్నాడు కదా మరి! జ్ఞానేశ్వర్ ఆ అరచెయ్యి మొత్తాన్ని గట్టిగా పట్టుకుని, చిరునవ్వుతో పైకీ కిందికీ ఊపేశాడు.

రామసుబ్బయ్య ముఖం విప్పారింది.

"అయిపాయె! పాము గెలిచె. మేడం ఈడనే ఉంటాది. మన సారు మూడేండ్లు పత్తికొండ బ్రాంచిలో పైథాన్ చెప్పేదానికి ఒప్పుకున్నాడు!"

"సార్!" అన్నాడు జ్ఞానేశ్వర్. అది అరుపో ఏడుపో పిల్లలకు తెలియలేదు.

"ఓడినోడివని నలుగురిలో అనడం బాగుండదు కదప్పా, అందుకే టవలు కింద అడిగితి. నేను మూడన్న్యా. నువ్వు రెండు వేళ్లు వెనక్కి మడుస్తావు, యాడో ఒక ఏడాదికి తెగుతాది అనుకుంటి. మా సంతలో మొదటి మాటకే చెయ్యి ఊపినోన్ని నేను ఇంతవరకు చూడల్యా. నీది బంగారం లాంటి మనసు!"

కాదనడానికి లేదు. కాదనే మనిషి సీమలోనే లేడని ఇప్పుడే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడాయె.

ఇద్దరూ ఒకే స్కూటరు మీద ఇంటికి వచ్చారు. లోపలికి అడుగు పెట్టగానే జ్ఞానేశ్వర్ చెప్పులు విసిరికొట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

"కావాలనే చేసినావు. కట్టుకున్న మొగున్ని మూడేండ్లు బస్సు పాలు చేసినావు."

"వేళ్ల సంగతి నేను చేయల్యా. బేరమెట్ల తగ్గించాల, యాడ చెయ్యి ఊపాల, అంతా ఆ రోజు చెప్తానే ఉంటిని. మీరు సగంలోనే చెంబు పట్టుకొని పోతిరి."

"అయినా సరే! నన్ను పత్తికొండకు పంపాలని చూసినావా లేదా?"

హిమబిందు హ్యాండ్‌బ్యాగు బల్ల మీద పెట్టింది. ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు.

"నేను పోకుండా చూసుకున్నా, అంతే. నన్ను పంపాలని చూసింది మీరు. బస్సులో హాయిగా కునుకు తీయమన్నారు. ఆ రోజు మీరు మజ్జిగ కలుపుకుంటూ ఆ మాటంటే, నాకు ఎంత ఏడుపొచ్చిందో తెలుసా? అంతవరకు మీ మీద గెలవాలని కూడా నాకు లేదు. ఆ సంత పాఠం మీకు పనికొస్తాదనే అంత గట్టిగా చెప్పినా."

జ్ఞానేశ్వర్ వారమంతా తన నడుము గురించి, తన పరువు గురించి ఆలోచించాడే గానీ, రోజూ నాలుగు గంటలు ఆ బస్సులో తన పెళ్లాం కూర్చోవాలని ఒక్కసారి కూడా తట్టలేదు. ఎంత సిగ్గేసిందంటే, లేచి వెళ్లి, విసిరేసిన చెప్పులు తెచ్చి వరుసగా పెట్టాడు. ఆమె చెప్పులు కూడా పక్కనే సర్ది పెట్టాడు.

తర్వాత చాలాసేపు హాల్లో అటూ ఇటూ తిరిగాడు. సోమవారం పొద్దున్నే బస్సు. ఆ బస్సు దిగితే పిల్లలు. ఆ పిల్లల ముందు కొండచిలువ. చివరికి బెడ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి, తలుపు తెరిచే ఉన్నా, వేలితో రెండుసార్లు కొట్టాడు.

"బిందూ."

"ఊఁ."

"కొంచెం... అది ఎట్లనో చెప్పవా?"

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి, పక్కన జరిగి చోటిచ్చింది. ఆయన ఒద్దికగా కూర్చున్నాడు. ఆమె చెప్పినట్టే ఒక లైను కొట్టాడు. చేతి వేలు అలవాటు కొద్దీ లైను చివర సెమికోలన్ కోసం వెతుక్కుంది. ఆమె ఆ వేలిని పట్టుకుని పక్కకు తీసింది.

"ఇందులో అది పెట్టొద్దు."

"పెట్టకుంటే మాట అయిపోయిందని దానికెట్ల తెలుస్తాది?"

"చెప్పాల్సింది చెప్పి ఊరికే ఉంటే చాలు, తెలుస్తాది. మీకు అలవాటు లేదు కాబట్టి కొంచెం కష్టమనిపిస్తాది."

జ్ఞానేశ్వర్ నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, ఎంటర్ కొట్టాడు.